ఇంటి గాలికీ పరీక్ష కావాలి

 

మట్టి పరీక్ష మీకు కొత్త కాదు. పొలంలో ఎనిమిది, పది చోట్ల గుంటలు తీసి, ఆ మట్టిని కలిపి, అరకిలో సంచిలో కట్టి పంపుతున్నాము గదా. ఈవేళ ఇంటిలోని గాలికి చేసే పరీక్ష గురించి చెబుతాను.

రాతిలోను, మట్టిలోను యురేనియం అతి స్వల్పంగా ఉంటుంది. అది మారుతూ మారుతూ రేడియం అవుతుంది. రేడియం నుండి రేడాన్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో పలచబడిపోతుంది. కాని గచ్చు పగుళ్ళగుండా లోనికి వచ్చిందంటే, తలుపులు మూసిన గదిలో పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులకు క్యాన్సరు రావచ్చును.

"తాతలనాటి నుండి లేనిది ఇప్పుడెక్కడిదండీ?" అని మీరడగవచ్చు. అది ఎప్పుడూ ఉన్నదే, కొలిచినవారు లేరు. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక అణు విద్యుత్కేంద్రపు ఉద్యోగి పనిలోకి వస్తుంటేనే హెచ్చరిక గంట మోగింది. వెతికితే దోషం కేంద్రానిది కాదు, ఆయన ఇంటి గాలిది!

ఒక ఘనపు మీటరు గాలిలో 100 బెకరెల్లు దాటకుండా చూసుకోవాలనీ, అది సాధ్యపడనిచోట 300 మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది.

మన కొండలు ఖోండలైటు రాతివి. భీమునిపట్నం ఇసుకలో థోరియం గల మొనజైటు ఉన్నది. అంతమాత్రాన మన ఇళ్ళలో రేడాన్ ఎక్కువని చెప్పరాదు, తక్కువనీ చెప్పరాదు. కొలిచి పటం గీయాలి.

కొలవడం కష్టం కాదు. ప్రత్యేకమైన ఫిలిం పెట్టిన చిన్న డబ్బాను పడకగదిలో మూడు నెలలు వేలాడదీస్తారు. రేడాన్ కిరణాలు ఆ ఫిలిం మీద గీతలు వేస్తాయి. ప్రయోగశాలలో వాటిని లెక్కిస్తారు. చలికాలం తలుపులు మూస్తాము, వేసవిలో తీస్తాము. కనుక అన్ని కాలాలలోనూ కొలవాలి. మట్టిని కలిపినట్టు పది ఇళ్ళ గాలిని కలపడానికి వీల్లేదు. పక్క పక్క ఇళ్ళకే తేడా ఉంటుంది. పూరిల్లు, పెంకుటిల్లు, డాబా విడివిడిగా ఎంచుకోవాలి. గ్రామసేవకులారా, ప్రతి ఇంటి నేల ఎటువంటిదో, కిటికీలెన్నో రాసుకోండి. ఆ వివరం లేని అంకె పటానికి పనికిరాదు.

అంతవరకు ఊరకుండనక్కరలేదు. గచ్చు పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి. ఎదురెదురు కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి. అన్నిటికంటె ముఖ్యం, పొగ మానండి. రేడాన్ వల్ల కలిగే ముప్పు పొగ తాగని వారికంటె తాగేవారికి సుమారు 25 రెట్లు ఎక్కువ. మన ప్రాంతపు అమ్మలు, అప్పలు అడ్డపొగ తాగుతారు. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సరు వేరే ఉన్నది. చుట్ట మానడానికి ఏ పటమూ రానక్కరలేదు. ఈ పూటే మొదలుపెట్టవచ్చును.

సెలవు.