శేషాంకము



సాహిత్యసభకు అధ్యక్షత వహించి నేరచిత్రములను గూర్చి ప్రసంగింప బూనుట మీలో కొందరికి హాస్యాస్పదముగ తోపవచ్చును. రవీంద్రుని యూరికి పోయి హత్యలను గూర్చి మాటలాడుదునా యని రైలులో నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. హౌరా వంతెన దాటినంతనే ఆ సంకోచము తీరినది. ఏలయన ఈ కలకత్తా నగరమునకు కవిత్వముతో ఎంత చుట్టరికమో నేరకథతోను అంత చుట్టరికము కలదు. 1868లో ఆమ్హర్స్ట్ వీధిలో రోజ్ బ్రౌన్ అను స్త్రీ హత్య కాగా, ఆ కలకలము ఫలితముగ నాటి పోలీసు కమిషనరు స్టువర్టు హాగ్ ఇచ్చట డిటెక్టివు శాఖను నెలకొల్పెను. ఆ శాఖలో కొలువు చేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయుడు తన యనుభవములనే ‘దారోగార్ దప్తర్’ పేర కథలుగ వెలువరించెను. పిమ్మట పాంచకడి దే నవలలు తెలుగులోనికి దిగి మన పూర్వుల నిద్ర చెరచినవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరునకు లండనులో పెద్దలున్న మాట నిజమే, కలకత్తాలోను పెత్తండ్రులున్నారు.

ఈ సంప్రదాయమున పుట్టిన వంగ చలనచిత్రములకు ‘పథేర్ పాంచాలి’ కీర్తిలో వేయవవంతైనను దక్కలేదు. అజయ్ కర్ 1951లో తీసిన ‘జిఘాంస’ను ఈ సభలో చూచినవారెందరు? కానన్ డాయిల్ వ్రాసిన బాస్కర్‌విల్ వేటకుక్క కథ దానికి మూలము; పేరు మాత్రము అచ్చముగ మనది. చంపుట కాదు, చంపగోరుట యని యర్థము. క్రియ నుండి కోరికను విడదీసి, దానికి సన్నంతమని వేరొక రూపము కల్పించిన ప్రాచీన వైయాకరణులు నేరము యొక్క పుట్టుకను కూడ ఎరిగినవారే యని నాకు తోచును. పగ తీర్చుకొనుట క్షణముల పని, పగను పెంచుకొనుట ఏండ్ల పని. సౌప్తికపర్వమున అశ్వత్థామ ఖడ్గము కంటె, నిద్రపట్టక మఱ్ఱిచెట్టు క్రింద కూర్చుండి, నిదురించు కాకులపై గ్రుడ్లగూబ పడుటను చూచుచు అతడు చేసిన యోచనయే నన్ను ఎక్కువ భయపెట్టును. ‘జిఘాంస’కు సంగీతము కూర్చిన హేమంత ముఖర్జీయే పిమ్మట బొంబాయిలో నిర్మాతయై, బీరేన్ నాగ్ దర్శకత్వమున ‘బీస్ సాల్ బాద్’ (1962) వెలువరింపగా దేశమంతయు దాని పాటలు పాడుకొన్నది. వంగచిత్రమును మరచినది.

సత్యజిత్ రే సంగతి యొకింత చెప్పి సాగెదను. శరదిందు బంద్యోపాధ్యాయుడు సృష్టించిన పరిశోధకుడు వ్యోమకేశుని పాత్రను, 1967లో రే తీసిన ‘చిడియాఖానా’ యందు ఉత్తమ్ కుమారు ధరించెను; జాతీయ బహుమానములును వచ్చినవి. రేకు మాత్రము దానిపై మక్కువ లేదు. హంతకుని కడవరకు దాచి, పిదప పరిశోధకునిచేత దీర్ఘోపన్యాసము చెప్పించుట తెరకు పొసగదని ఆయన గ్రహించెను. (అధ్యక్షులకును ఇది హెచ్చరికయే.) ‘సోనార్ కేల్లా’ (1974) తీయునాటికి దుర్మార్గులెవరో ముందే చూపివేసెను.

నేను నిలిచి మాటలాడదలచిన చిత్రము 1963లో హరిదాస భట్టాచార్య దర్శకత్వమున వచ్చిన ‘శేష అంక’. దాని ముగింపు చెప్పక దానిని గూర్చి చెప్పుట సాధ్యము కాదు గనుక ముందే క్షమాపణ వేడుచున్నాను. భార్య మరణించినదని లోకము నమ్మియుండగా, మరల వివాహమునకు సిద్ధపడిన యొక సంపన్నుని యెదుటికి, నేనే నీ భార్యననుచు ఒక స్త్రీ వచ్చును. కాదని అతనికి నిశ్చయముగ తెలియును. ఎట్లు తెలియునో మాత్రము చెప్పజాలడు, ఏలయన చంపినవాడు తానే. ఆ వచ్చినది పోలీసులు పన్నిన వల.

1958 నాటి ఆంగ్లచిత్రము ‘ఛేజ్ ఎ క్రుకెడ్ షాడో’ దీనికి మూలము. అందు చనిపోయిన సోదరుడను నేనేనని ఒక పురుషుడు ఒక స్త్రీ యింట ప్రవేశించును. సోదరుని భార్యగ మార్చుట మినహా వంగీయులు చేసినదేమని విమర్శకులు పెదవి విరువవచ్చును. ఆ యొక్క మార్పుతోనే కథ బరువు మారినది. సోదరుని కాదనుట ఆస్తి తగవు; కట్టుకొన్నదానిని కాదనుట లోకము సహింపని పాపము. బంధువులు, ఇరుగుపొరుగువారు, న్యాయస్థానము, అందరును ఆమె వంకనే నిలుతురు. అతడు నిజము పలికిన కొలది దుర్మార్గుడుగ కనబడును. కీచకుడు చీకటిలో ద్రౌపదియనుకొని భీముని చేరెను. ఈ నాయకునకు చీకటి యను సాకు లేదు. పట్టపగలు కన్నులు తెరచియుండియే వలలో చిక్కును. చాణక్యుడు కపటమాడినపుడు మనము మెచ్చుకొంటిమి, రాజ్యము నిలిచినదిగదా యని. ఇచ్చట ఒక్క వాంగ్మూలము కొరకు ప్రభుత్వమే నాటకమాడినది. అది ధర్మమా యని చిత్రము తేల్చదు. నాయకుని నిర్దోషియని నమ్మి యతని పక్షము వహించిన ప్రేక్షకుడు తానును కొంత నేరస్థుడై యిల్లు చేరును.

వంగభాషలో శేషమనగా ముగింపు; మనకు మిగిలినది. ఈ చిత్రమునకు మన యర్థమే మేలేమో!

మరుసటి యేట ఇది మద్రాసు చేరి, దాదా మిరాసి దర్శకత్వమున, శివాజీ గణేశన్ నాయకుడుగ ‘పుదియ పరవై’ యైనది. అందు వల మరింత బిగుసుకొన్నది: ప్రేయసి పాత్ర ధరించిన సరోజాదేవియే పోలీసు అధికారిణి. మరణించిన భార్యగను, ఆమె పేర వచ్చిన కపటస్త్రీగను నటించినది మన రాజమహేంద్రవరమున పుట్టిన షావుకారు జానకి. 1950లో ‘షావుకారు’ చిత్రమున సుబ్బులుగ అమాయకముగ నవ్విన ముఖమే యది. పదునాలుగేండ్ల పిమ్మట నేనే నీ భార్యనని శివాజీ యెదుట నిలిచినపుడు ఆ నవ్వులో ఆమె ఏమి కలిపెనో, కనుబొమ్మను ఎంత యెత్తెనో, ఎన్నిసార్లు చూచినను నాకు చిక్కలేదు. నటనను గూర్చి మధ్యాహ్నము పత్రము చదువబోవువారు దానిని వివరింతురని యాశించి నా యాసనమున కూర్చుండుచున్నాను.