కథ ముగిసినా ముగియని ఆట

(నందికొట్కూరులో రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా మంచం పక్కన మేలుకొని వచ్చారు. మీ వాళ్ళ బి.పి., షుగరు, ఆపరేషను గురించి మీ దిగులు మీకుంది. ఇట్లాంటి సమయంలో కంప్యూటరు ఆటల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను.

కొంతకాలం క్రితం ఒక తండ్రి తన భార్యకు ఆపరేషను చేయించడానికి వచ్చి ఆమె దగ్గరే ఉండిపోయారు. ఇంటి దగ్గర ఇంటర్ చదివే కొడుకు, ముసలి తల్లి ఉన్నారు. నాలుగో రోజు ఆయన కోపంతో నా దగ్గరకు వచ్చారు. "సార్, ఏదో కొత్త తుపాకుల గేమ్ వచ్చిందని మా పిల్లోడు తెల్లవార్లూ కంప్యూటర్ ముందరే ఉంటున్నాడంట. మా అమ్మ ఫోన్ చేసి ఏడుస్తోంది. వాళ్ళమ్మ ఇట్ల పడుంటే వానికి పట్టనే లేదు. ఇంటికి పోయి ఆ కంప్యూటర్ పగలగొట్టి వస్తా" అన్నారు.

నేను ఆయనతో, "పగలగొట్టడం రేపైనా చేయవచ్చు. ఈ రాత్రికి మాత్రం వానికి ఫోన్ చేసి, ఆ ఆటలో కథ ఏమిటో అడగండి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. తరువాత ఏమి జరిగిందో చివర చెబుతాను.

ముందు ఆ ఆట ఏమిటో తెలుసుకుందాం. దానిని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. తెరమీద తుపాకి పట్టుకున్న చేతులు మాత్రమే కనబడతాయి. అవి ఆడేవాని చేతులే అన్నట్లు ఉంటుంది. 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ అనే ఆట, కాల్పుల మధ్యనే ఒక కథను నడిపించి పేరు తెచ్చుకుంది. 2003లో రెండవ ప్రపంచ యుద్ధం కథతో కాల్ ఆఫ్ డ్యూటీ మొదలైంది. అందులో బ్లాక్ ఆప్స్ అనే వరుస 2010లో మొదలై, ఆరవ భాగం 2024 అక్టోబరు 25న విడుదలైంది. దాని కథ 1991 నాటి గల్ఫ్ యుద్ధ కాలంలో జరుగుతుంది.

కొత్త భాగం కోసం పిల్లలు అంతగా ఎదురు చూడటం మనకు విడ్డూరంగా తోచవచ్చు. కాని 2015లో బాహుబలి మొదటి భాగం చూసి, కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2017 దాకా మనమందరం ఎదురు చూడలేదా? వాళ్ళ ఆత్రుత కూడా అట్లాంటిదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గమనించండి. ఇట్లాంటి ఆటల్లో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. మొదటిది కథ. అది సుమారు ఏడెనిమిది గంటల్లో అయిపోతుంది. రెండవది ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో ఆడే పోటీ. అందులో ఒక్కో పోటీ పది నిమిషాలే గాని, దానికి ముగింపు లేదు. గెలిస్తే ఇంకొకటి ఆడాలనిపిస్తుంది, ఓడితే పగ తీర్చుకోవాలనిపిస్తుంది. నిద్రను మింగేది ఎక్కువగా ఈ రెండవ భాగమే. కాబట్టి "ఎంతసేపు ఆడతావు?" అని అరిచేకంటే "కథ ఆడుతున్నావా, పోటీ ఆడుతున్నావా?" అని అడగండి.

ఇక ఆరోగ్యం మాట. పదమూడు నుండి పద్దెనిమిది ఏండ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. అది తగ్గితే చదువు, జ్ఞాపకశక్తి, ఓపిక మూడూ దెబ్బతింటాయి. తెరను చూసేటప్పుడు రెప్పలు తక్కువగా వేస్తాం. అందువల్ల కళ్ళు ఎండి మండుతాయి. కొందరికి తల తిరిగి వాంతి వచ్చినట్లు ఉంటుంది. కళ్ళకు పరుగెత్తుతున్నట్లు కనబడుతుంది, చెవి లోపలి భాగానికి మాత్రం శరీరం కదలడం లేదని తెలుస్తుంది. ఆ పొత్తు కుదరకపోవడమే దీనికి కారణం.

మీ ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వ్యాధి ఉంటే మరింత జాగ్రత్త. మూర్ఛ ఉన్నవారిలో కొద్దిమందికి మెరిసే వెలుగుల వల్ల ఫిట్స్ రావచ్చు. 1997 డిసెంబరులో జపానులో టీవీలో వచ్చిన ఒక కార్టూన్‌లోని మెరుపుల వల్ల ఆరువందల మందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు తీసుకువెళ్ళారు. కాబట్టి డాక్టరును అడగకుండా అట్లాంటి పిల్లలను ఈ ఆటలు ఆడనివ్వవద్దు.

ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఆటమీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం - ఈ మూడూ సాధారణంగా ఏడాదిపాటు కనబడి, చదువు, కుటుంబ జీవితం బాగా దెబ్బతింటేనే దానిని వ్యాధి అంటారు.

"తుపాకుల ఆట ఆడితే హంతకుడవుతాడా?" అని కూడా అడుగుతుంటారు. 2020లో అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం చెప్పిన మాట ఇది: అరవడం, నెట్టడం వంటి దుడుకుతనంతో ఈ ఆటలకు కొద్దిపాటి సంబంధం ఉంది, ఘోరమైన హింసకు ఇవే కారణమనడానికి తగిన ఆధారాలు లేవు. కాబట్టి భయపడవద్దు, పట్టించుకోకుండానూ ఉండవద్దు.

ఇంట్లో పాటించవలసినవి:

1. ఆట పెట్టెమీద 17 లేదా 18 అని వయసు గుర్తు ఉంటే చిన్నపిల్లలకు ఇవ్వవద్దు.

2. ఆట మధ్యలో వైరు పీకవద్దు. ఆడినది పోతే కోపం రెట్టింపవుతుంది. "ఈ ఘట్టం అయ్యాక ఆపు" అని చెప్పి, దగ్గరే నిలబడి ఆపించండి.

3. కంప్యూటరు పడకగదిలో కాక, అందరూ తిరిగే గదిలో ఉంచండి. నిద్రకు ఒక గంట ముందే ఆపించండి.

4. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనండి.

5. ఏ.టి.ఎం. కార్డు వివరాలు ఆటలో ఇవ్వవద్దు. ముక్కూమొహం తెలియనివారితో మాటలు వద్దని చెప్పండి.

6. అదుపు తప్పిందనిపిస్తే సిగ్గుపడవద్దు. టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇందుకోసమే 2014లో ఒక ప్రత్యేక క్లినిక్ ప్రారంభమైంది.

ఇక ఆ తండ్రి విషయం. ఆ రాత్రి ఆయన వార్డు బయట మెట్లమీద కూర్చొని కొడుకుకు ఫోన్ చేశారు. కథ చెప్పమంటే వాడు మొదట నమ్మలేదట. తరువాత పావుగంటసేపు ఆపకుండా చెప్పాడట. కథ రెండు రోజుల్లోనే అయిపోయిందన్నాడట. "మరి ఇప్పుడు రాత్రంతా ఏం ఆడుతున్నావురా?" అంటే వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "పండుకుంటే అమ్మే గుర్తొస్తాంది నాయినా. అమ్మకు ఎట్లుందో నాకు ఎవరూ చెప్పడం లే" అన్నాడట.

మరునాడు ఆయన కొడుకును పిలిపించారు. ఆ సాయంత్రం తల్లికి జావ తాగించింది వాడే. కంప్యూటరు పగలలేదు. రాత్రి పది దాటితే ఆపాలని తండ్రి చెప్పిన మాటకు వాడు ఒప్పుకున్నాడు.

ఆటే అన్నిటికీ కారణమని గాని, ఆట వల్ల ఏ కీడూ లేదని గాని నేను చెప్పడం లేదు. మీరు ఇక్కడ రోగి దగ్గర ఉన్నన్ని రోజులూ ఇంటి దగ్గర ఒక పిల్లవాడు ఒంటరిగా భయపడుతూ ఉండవచ్చు. అమ్మ ఎట్లుందో వానికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఈ రాత్రి నిద్రపోయే ముందు ఒక్కసారి ఇంటికి ఫోన్ చేయండి. మీ వాళ్ళు త్వరగా కోలుకొని మీతో ఇంటికి రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.