ఎనిమిదో నెలలో ఇన్సులిన్ డోసు పెరిగితే భయపడాలా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే గర్భిణులు ఎక్కువగా అడిగేది ఇదే: "మేడమ్, ఆరో నెలలో 8 యూనిట్లు వేసుకునేదాన్ని, ఇప్పుడు 20 అంటున్నారు. షుగర్ ముదిరిందా?"

లేదమ్మా. నెలలు నిండేకొద్దీ మాయ, అంటే ప్లాసెంటా, విడుదల చేసే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే సుమారు 36 వారాల దాకా డోసు పెరుగుతుంది. మీరు వేసుకునే ఇన్సులిన్ దాదాపుగా బిడ్డ దాకా వెళ్లదు. వెళ్లేది మీ రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్! దాంతో బిడ్డ బరువు అతిగా పెరుగుతుంది, పుట్టాక బిడ్డకి షుగర్ పడిపోవచ్చు.

పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకైతే 120 లోపు ఉండాలి. సీమంతం రోజైనా సూది మానొద్దు. సూది వేసుకుని, పేరంటం అయ్యేదాకా తినకుండా కూర్చోవడం ఇంకా ప్రమాదం. వణుకు, చెమటలు వచ్చి 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగండి, పావుగంటకి మళ్లీ చూసుకోండి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. తిండి తగ్గలేదు, డోసు మారలేదు, అయినా షుగర్ వరసగా పడిపోతోంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటారు చాలామంది. అలా అనుకోకండి, మాయ పనితీరు చూడాలి. బిడ్డ కదలికలు తగ్గినా అంతే, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి, పొద్దున ఓపీ దాకా ఆగొద్దు.

కాన్పయ్యాక చాలామందికి ఇన్సులిన్ ఆగిపోతుంది. కానీ 6 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష తప్పనిసరి. బిడ్డ టీకాకి ఎలాగూ వస్తారు కదా, ఆ రోజే పరగడుపున వచ్చేయండి.