పాత ట్రాక్టరుకు ఏ ఆయిల్? ఎంత ఆయిల్?
(కల్మలలో కార్మిక సోదరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ మీటింగులో ట్రాక్టరు ఆయిల్ గురించి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామందికి మిల్లు పని సీజను పనే. పత్తి రావడం ఆగితే పని ఆగుతుంది. అప్పుడు ఇంటిని నిలిపేది ఆ రెండెకరాల నల్లరేగడి, అన్నదమ్ములు కలిసి సెకండ్‌హాండ్‌లో కొన్న పాత ట్రాక్టరు. దాని లిఫ్టు పడిపోతే దుక్కి ఆగుతుంది, పంపు మార్చాలంటే నెల కూలి చాలదు. పైగా ట్రాక్టరు లిఫ్టూ, మన మిల్లులో బేళ్లు నొక్కే ప్రెస్సూ ఒకే జాతివి. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన సూత్రమే రెండింటిదీ. మూసిన గొట్టంలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులా పోతుంది. మన ప్రెస్సులో దూదిని 170 కిలోల బేలుగా బిగించేది అదే, మీ పొలంలో కల్టివేటరును లేపేది అదే.

ముందు ఏ ఆయిల్ పోయాలో చూద్దాం. షాపువాడు "68 ఇవ్వనా, 46 ఇవ్వనా" అంటాడు. ఆ అంకె ఆయిల్ చిక్కదనం. 40 డిగ్రీల వేడిలో కొలిచి వేసిన నంబరు. 68 చిక్కన, 46 కొంచెం పలచన. ఎండాకాలంలో మన రాయచూరు వేడికి మరీ పలచని ఆయిల్ పోస్తే పంపులో జారిపోయి లిఫ్టు బరువు లేపదు. అలాగని చిక్కనిది పోస్తే మంచిదనుకోవద్దు. చలికాలం తెల్లవారుజామున పంపు దాన్ని లాగలేక ఏడుస్తుంది.

అంతకన్నా ముఖ్యం, మీ బండిలో ఆ ఆయిల్ ఇంకా ఏమేం పనులు చేస్తుందో తెలుసుకోవడం. మాసీ ఫెర్గూసన్ 1035 వంటి బండ్లలో లిఫ్టు పంపు వెనక గేర్ల పెట్టెలోనే మునిగి ఉంటుంది. గేర్లకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. అలాంటి దాంట్లో ప్రెస్సుకు వాడే ఉత్త హైడ్రాలిక్ ఆయిల్ పోస్తే లిఫ్టు లేస్తుంది కానీ గేర్లు అరిగిపోతాయి. ఆయిల్లో మునిగిన బ్రేకులున్న బండికైతే దానికోసమే చేసిన ట్రాక్టరు ఆయిల్ కావాలి. లేకపోతే బ్రేకు కీచుమంటుంది, పట్టు తప్పుతుంది. కనుక కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పొయ్యండి. పుస్తకం పోయిందంటే మోడల్ నంబరు చెప్పి డీలరును అడగండి. రంగు చూసి, వాసన చూసి కొనేవాళ్లు మోసపోతారు. కారు బ్రేకు ఆయిల్ మాత్రం చుక్క కూడా పడనివ్వకండి. దానికి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

ఇక కలపడం. బండి చదునైన నేల మీద నిలిపి, లిఫ్టు పూర్తిగా దించి, ఇంజను ఆపి చూడాలి. లిఫ్టు ఎత్తి ఉంటే, ట్రాలీ జాకీ లేచి ఉంటే, ఆయిల్ అక్కడ ఉండిపోతుంది. డిప్‌స్టిక్కు తక్కువ చూపిస్తుంది, మనం ఎక్కువ పోసేస్తాం. మూత చుట్టూ ఉన్న మట్టి, పత్తి నుసి ముందు తుడవండి. గరాటు శుభ్రంగా ఉండాలి. కొంచెం కొంచెం పోస్తూ పై గీత దాటకుండా ఆపండి.

ఆయిల్ మాటిమాటికీ తగ్గుతుంటే పోసుకుంటూ పోవడం తప్పు. డీజిలులా అది మండి అయిపోయేది కాదు. ఎక్కడో కారుతోంది. పైపు, సీలు చూడండి. బయట తడి లేకపోతే ఇంజను ఆయిల్ మట్టం చూడండి. కొన్ని బండ్లలో పంపు సీలు పోతే ఆయిల్ ఇంజనులోకి దిగుతుంది. పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి, మొత్తం మార్చాల్సిందే. నురగ వస్తుంటే గాలి లాగుతోంది. ఇంకొకటి, మనం ఊళ్లో ట్రాలీ అరువిచ్చుకుంటాం కదా! ట్రాలీ జాకీలో ఉన్న ఆయిల్ మీ బండిలోకి వస్తుంది, మీది వాళ్లకు పోతుంది. వాళ్లేం పోశారో అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు ప్రాణం మాట. పైపుకు సూదిమొన అంత రంధ్రం పడితే వేలితో తడిమి చూడకండి. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తు, నొప్పి కూడా మొదట ఉండదు. గంటల్లో వేలు నల్లబడి తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడండి. తగిలిందంటే పసుపు రాసి కూర్చోకుండా, ఆపరేషను చేయగల పెద్దాసుపత్రికి వెంటనే పోయి "ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయింది" అని చెప్పండి. ఎత్తిన ట్రాలీ కింద మొద్దు పెట్టకుండా దూరవద్దు. పైపు తెగితే అది చెప్పి పడదు.

మిల్లులో ప్రెస్సుకూ ఇదే. కారుతున్న పైపుకు గుడ్డ చుట్టమని సూపర్‌వైజరు అంటే, "మిషను ఆపండి, ఒత్తిడి దించండి, ఫిట్టరును పిలవండి" అనండి. నడుస్తున్న మిషను దగ్గర పని శిక్షణ పొందినవాడే చేయాలని పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే రాశారు, ఇది మనం కొత్తగా పెట్టిన పేచీ కాదు. కారుతున్న సంగతి తేదీ వేసి రాసివ్వండి, ఒక కాపీ యూనియన్‌కు ఇవ్వండి. ఏ షిఫ్టులో ఏ ప్రెస్సు కారుతోందో ఇవాళే పేర్లు రాసుకుందాం, ముందుకు రండి.