స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్ రిపేర్: కొటేషన్ 95 వేలు, అయిన ఖర్చు 1,390 రూపాయలు

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం డిఫరెంట్. మొబైల్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. పంపు రూము, ఇసుక, నీళ్లు, రబ్బరు. టాపిక్ ఏంటంటే, స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్ పాడైతే తక్కువ ధరలో స్పేర్ పార్ట్స్ ఎలా వెతుక్కోవాలి అని.

"మాకు పూల్ ఎక్కడిది బ్రో" అంటారు, తెలుసు. నాకూ సొంత పూల్ లేదు. మియాపూర్‌లో మేం ఉండే అపార్ట్‌మెంట్‌లో 120 ఫ్లాట్లకి కలిపి ఒకటి ఉంది. హైదరాబాద్‌లో ఇలాంటి కాంప్లెక్సులు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. మెయింటెనెన్స్ కట్టే ప్రతి ఒక్కరి డబ్బూ ఆ పూల్‌లో ఉన్నట్టే. అందుకే మీలో చాలామందికి ఇది పనికొస్తుంది. తప్పు ఎవరిదో మాత్రం చివర్లో చెప్తా. ముందే చెప్తే మీరు పార్ట్స్ గురించి వినరు.

ఏప్రిల్ మొదటి వారం. పిల్లలకి సెలవులు దగ్గర పడ్డాయి. పూల్‌లో నీళ్లు రోజూ తగ్గిపోతున్నాయి. మామూలుగా కాదు, రోజుకి 10 సెంటీమీటర్లు. మా పూల్ పొడవు 12 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. అంటే 72 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్లంటే 7,200 లీటర్లు. ఎండాకాలంలో, అందరం ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో, రోజుకి 7,200 లీటర్లు ఎటో పోతున్నాయి.

కమిటీ వాళ్లు ఒక సర్వీసు కంపెనీని పిలిచారు. పేరు అనవసరం. వాళ్లు వచ్చి పది నిమిషాలు చూసి, "ఫిల్టర్ సెట్టు మొత్తం పోయింది, టైల్స్ కింద కూడా లీకేజీ ఉండొచ్చు" అన్నారు. ఫిల్టర్ సెట్టుకి 95 వేల కొటేషన్ ఇచ్చారు, టైల్స్ పని వేరే. "పార్ట్స్ విడిగా దొరకవా అండి?" అని అడిగితే "విడిగా రావు సార్" అన్నారు. మీటింగ్‌లో ఇంకో నిర్ణయం కూడా అయింది. పూల్ చూసుకునే అన్న నిర్లక్ష్యం వల్లే ఇదంతా జరిగిందని, ఆయన జీతంలో నెలకి 2 వేలు కట్ చేయాలని. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. "హ్యాండిల్ లూజుగా తిరుగుతోంది సార్, నెల నుంచి చెప్తున్నా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెప్తా. పొద్దున్నే వెళ్లి ఆ అన్నతో కలిసి కూర్చున్నా. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా కదా, అక్కడ నేర్చుకున్న ఒకే ఒక్క మంచి అలవాటు, బగ్ ఎక్కడుందో తెలియకుండా కోడ్ మార్చకూడదు. ఇక్కడా అంతే. పార్ట్ కొనే ముందు ఏ పార్ట్ పోయిందో తేల్చుకోవాలి.

మొదటి టెస్టు, బకెట్ టెస్టు. ఒక బకెట్లో పూల్ నీళ్లు నింపి పూల్ మెట్టు మీద పెట్టండి. బకెట్లో నీళ్ల మట్టం దగ్గర ఒక గీత, బయట పూల్ మట్టం దగ్గర ఒక గీత. ఎండకి ఆవిరయ్యేది రెండింట్లోనూ దాదాపు సమానమే. రాత్రి పంపు ఆపేసి 12 గంటలు వదిలేశాం. రెండూ ఒకేలా, కొన్ని మిల్లీమీటర్లు తగ్గాయి. అంటే టైల్స్ కింద లీకేజీ లేదు. పగలు 8 గంటలు పంపు నడిపాం. బకెట్ అలాగే ఉంది, పూల్ 10 సెంటీమీటర్లు దిగింది. అంటే పంపు నడిచినప్పుడే నీళ్లు పోతున్నాయి.

ఎటు పోతున్నాయి? ఫిల్టర్ నుంచి మురికి నీళ్లు బయటికెళ్లే వేస్ట్ పైపు ఒకటి ఉంటుంది. మా దాంట్లో అది నేరుగా డ్రైనేజీ చాంబర్లో కలుస్తుంది, అందుకే ఎవరి కంటా పడలేదు. చాంబర్ మూత తీసి చూస్తే, హ్యాండిల్ ఫిల్టర్ మీదే ఉన్నా నీళ్లు ధారగా పడుతున్నాయి. 10 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండింది. లెక్క వేయండి. నిమిషానికి 15 లీటర్లు, గంటకి 900, 8 గంటలకి 7,200. లెక్క సరిగ్గా సరిపోయింది. నిజం చెప్తున్నా, ప్రొడక్షన్ బగ్ దొరికినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

ఇప్పుడు ఫిల్టర్ లోపల ఏముందో చెప్తా. పెద్ద డ్రమ్ము లాంటి ట్యాంకు, దాంట్లో ఇసుక. నీళ్లు పైనుంచి ఇసుకలోకి దిగుతాయి, మురికి ఇసుకలో ఆగిపోతుంది. అడుగున సన్నని చీలికలున్న ప్లాస్టిక్ పైపులు ఉంటాయి, వాటిని లేటరల్స్ అంటారు. వాటిలోంచి శుభ్రమైన నీళ్లు తిరిగి పూల్‌లోకి వెళ్తాయి. నీళ్లు ఎటు వెళ్లాలో నిర్ణయించేది మల్టీపోర్ట్ వాల్వ్. దాని హ్యాండిల్‌కి ఆరు పొజిషన్లు: ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్, రీసర్క్యులేట్, క్లోజ్డ్. ఈ వాల్వ్ లోపల ఎడ్లబండి చక్రం ఆకారంలో ఒక రబ్బరు ఉంటుంది. చుట్టూ వలయం, మధ్యలో ఆకులు. దాన్నే స్పైడర్ గ్యాస్కెట్ అంటారు. ఒక దారి నీళ్లు ఇంకో దారిలోకి పోకుండా గోడలా అడ్డుకునేది అదే. అందులో ఒక్క ఆకు గాడిలోంచి లేచినా ఫిల్టర్‌కి వెళ్లాల్సిన నీళ్లు వేస్ట్‌లోకి దారి చూసుకుంటాయి.

వాల్వ్ విప్పే ముందు జాగ్రత్త. పంపు స్విచ్ కాదు, ఎంసీబీయే ఆపేయండి, నేల తడిగా ఉంటుంది. పూల్ నుంచి వచ్చే వాల్వు, పూల్‌కి వెళ్లే వాల్వు రెండూ మూసేయండి, లేదంటే పంపు రూము చెరువైపోతుంది. ట్యాంకులో ప్రెషర్ పూర్తిగా వదిలేయండి. మూతకీ బాడీకీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి, తిరిగి అదే దిశలో పెట్టాలి కదా. ప్రతి దశలో ఫోటో తీసుకోండి.

మూత లేపాం. ఒక ఆకు గాడిలోంచి బయటికొచ్చి మెలితిరిగి, అంచున కోసుకుపోయి ఉంది. అంతే. 95 వేల కొటేషన్ వెనక ఉన్న సమస్య అరచేతిలో పట్టేంత రబ్బరు.

ఇక షాపింగ్. వాల్వ్ మీద మోడల్ నంబర్ చెరిగిపోయింది. ఆన్‌లైన్లో ఫోటోలున్నాయి, కొలతలు లేవు. అప్పుడు పాత గ్యాస్కెట్, పాత ఓ రింగ్ కవర్లో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లా. పంపులు, బేరింగులు, సీళ్లు, రబ్బరు సామాన్ల కోసం ఊరంతా అక్కడికే వెళ్తుంది కదా.

ఇక్కడ నేను చేసిన తప్పు వినండి. మొదటి షాపులో "రబ్బరు షీటు మీద అచ్చు గీసి కోసిస్తా తమ్మీ, 150" అన్నారు. సంతోషంగా తెచ్చి బిగించా. వేస్ట్ పైపులోంచి మళ్లీ ధార. ఎందుకంటే అసలు గ్యాస్కెట్ చదునుగా ఉండదు. గాడిలో కూర్చునే భాగం ఒక ఆకారం, పైకి ఆనుకునే అంచు ఇంకో ఆకారం. అది అచ్చులో పోసిన రబ్బరు, షీటు కోస్తే రాదు. ఓ రింగులు మాత్రం అలా కాదు. లోపలి వ్యాసం, రబ్బరు మందం, ఈ రెండు కొలతలు వర్నియర్‌తో తీసుకెళ్తే ఏ కంపెనీదైనా సరిపోతుంది. మూత ఓ రింగ్ 60 రూపాయలకి వచ్చింది.

రెండోసారి వెళ్లి పూల్ సామాన్లు అమ్మే డీలర్ని పట్టుకున్నా. ఈసారి నాలుగు కొలతలు రాసుకెళ్లా: బయటి వ్యాసం, ఆకులు ఎన్ని, మధ్య వలయం వ్యాసం, రబ్బరు ఎత్తు. ఆయన బ్రాండ్ అడగలేదు. పాతది చేతిలోకి తీసుకుని, డబ్బాలోంచి ఒకటి తీసి దాని మీద పెట్టి చూశారు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. 650 రూపాయలు. బ్రాండు పేరు మూత మీద ఉంటుంది, లోపలి పార్ట్ మాత్రం కొలతని బట్టి దొరుకుతుంది. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి.

ఇంకో రెండు మాటలు. రబ్బరు ఈపీడీఎం అయితే క్లోరిన్ నీళ్లకి బాగా తట్టుకుంటుంది. దానికి వేసలిన్, బండి గ్రీజు పూయకండి, పెట్రోలియం తగిలితే ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు 180 రూపాయలు, చాలాకాలం వస్తుంది. పాత ప్రెషర్ గేజ్ ముల్లు ఎప్పుడూ ఒకే దగ్గర ఉండేది, 350 పెట్టి అదీ మార్చాం. ఇసుక శుభ్రంగా ఉన్నప్పటి రీడింగ్ కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి. గేజ్ పనిచేయకపోతే అదెలా తెలుస్తుంది? మొత్తం కలిపితే, నేను వేస్ట్ చేసిన 150తో సహా, 1,390 రూపాయలు.

మీ సమస్య వేరే అయితే, పూల్‌లోకి ఇసుక వస్తుంటే లేటరల్స్ చూడండి. పంపు షాఫ్టు దగ్గర నీళ్లు కారుతుంటే మెకానికల్ సీల్. అవి కూడా విడిగా దొరుకుతాయి. కానీ అన్నిట్లో పొదుపు చేయకండి. ట్యాంకుకి పగులు వస్తే ఎంసీల్ పూసి నడపొద్దు. ట్యాంకు బిగించే క్లాంపు వంగితే సాగదీసి వాడొద్దు. లోపల ప్రెషర్ ఉంటుంది, ఊడిందంటే ప్రాణం మీదికొస్తుంది. వాటికి కంపెనీ పార్టే కొనండి. అలాగే నీళ్లు మసకబారి అడుగున డ్రెయిన్ జాలీ కనిపించకపోతే, ఎవర్నీ దిగనివ్వకండి. పిల్లలు మునిగినా పైకి కనపడదు.

ఇప్పుడు ఆ గ్యాస్కెట్ ఎందుకు లేచిందో చెప్తా. పంపు నడుస్తుండగా హ్యాండిల్ తిప్పకూడదు. పంపు ఆపి, హ్యాండిల్ కిందికి నొక్కి, అప్పుడే తిప్పాలి. నడుస్తుండగా తిప్పితే నీళ్ల ఒత్తిడికి రబ్బరు గాడిలోంచి లేచి మెలితిరుగుతుంది.

మార్చి మొదట్లో నేను బ్యాక్‌వాష్ మీద ఒక చిన్న వీడియో తీద్దామని పంపు రూముకెళ్లా. ఆ అన్న టీకి వెళ్లాడు. నీళ్లు ఫోర్సుగా కనిపిస్తే షాట్ బాగుంటుందని పంపు ఆపకుండానే హ్యాండిల్ తిప్పా. ఆ క్లిప్ నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. "టక్" అని ఒక సౌండ్ స్పష్టంగా వినపడుతుంది. మీటింగ్ రోజు రాత్రి దాన్ని మూడుసార్లు విన్నా. నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

ముందు రిపేర్ చేసి, తర్వాత చెప్దాంలే అనుకున్నా. అది కూడా తప్పే. ఆ వారమంతా ఆయన తలొంచుకుని నాతోపాటే స్పానర్ పట్టుకున్నాడు. వేస్ట్ పైపులో చుక్క పడటం ఆగిన రోజు, ఆ క్లిప్పే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇది నా వల్ల అయింది" అని రాశా. ప్రెసిడెంట్ అంకుల్ ఫోన్ చేసి బాగానే తిట్టారు. జీతం కోత రద్దయింది, అదనంగా తెప్పించిన ట్యాంకర్లలో రెండింటి డబ్బులు నేను కట్టా. ఆయనకి సారీ చెప్తే ఒకటే అన్నాడు, "హ్యాండిల్ లూజుందని నేను చెప్పిన రోజే మీరు ఒక్కసారి వచ్చి చూసుంటే అయిపోయేది కదా సార్" అని. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌లో ఏదైనా పాడైతే కొటేషన్ అడిగే ముందు, రోజూ దాన్ని ముట్టుకునే మనిషిని అడగండి. ఇప్పుడు పంపు రూములో ఒక బోర్డు పెట్టాం: "పంపు ఆపకుండా హ్యాండిల్ తిప్పరాదు". రాసింది నేనే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.