నేల అడుగున ఉన్న వారసత్వం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాల వేడుకలో పాత కట్టడాల రక్షణను గూర్చి మాట్లాడటం అసందర్భం కాదని తలుస్తాను.

ఇస్తాంబుల్ నగరంలో నేల అడుగున ఒక మహా జలాశయం ఉన్నది. క్రీ.శ. 6వ శతాబ్దిలో జస్టినియన్ చక్రవర్తి కట్టించినది. సుమారు 9 మీటర్ల ఎత్తు గల 336 స్తంభాలు దాని పైకప్పును మోస్తున్నాయి. కాలక్రమాన లోకం దానిని మరచింది. 16వ శతాబ్దిలో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి పండితుడు పియేర్ జీల్, జనం తమ ఇండ్లలోని బావుల నుండి నీటితో పాటు చేపలను కూడా పట్టుకుంటున్న సంగతి గుర్తించి, దాని ఉనికిని లోకానికి తెలిపాడు. తమ కాళ్ల క్రింద ఏమున్నదో ఎరుగకయే వారు ఆ నీటిని వాడుకుంటూ వచ్చారు!

పూడిక తీసి, లోపల కాలిబాట వేసి, 1987లో దానిని ప్రజలకు తెరిచారు. సంగీత సభలు సైతం జరిగాయి. అయితే ఆ నగరం భూకంపాల సీమలో ఉన్నది. స్తంభాలను బిగించిన ఇనుప కడ్డీలు తుప్పు పట్టాయి. వెనుకటి మరమ్మతులో పోసిన కాంక్రీటు బాట కట్టడానికి భారమైంది. అందుచేత తిరిగి పని చేపట్టి, తుప్పు పట్టని సన్నని ఉక్కు కడ్డీలు అమర్చి, కాంక్రీటును తొలగించి, తేలికైన ఉక్కు బాట వేశారు. అంతవరకు మరుగున పడిన ప్రాచీన ఇటుక నేల అప్పుడు బయటపడింది. 2022 జులైలో ద్వారాలు మళ్లీ తెరుచుకున్నాయి.

ఇందులోని నీతి స్పష్టం. సదుద్దేశంతో చేసిన మరమ్మతు కూడా పొరపాటు కావచ్చు. కనుక నేడు మనం చేర్చేది రేపటివారు తీసి సరిదిద్దుకొనగలిగేదిగా ఉండాలి.

మన తెలుగునేల మీద, సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో 17వ శతాబ్ది నాటి దిగుడుబావి దశాబ్దాల చెత్తతో పూడిపోయింది. ఆ చెత్తను తొలగించగా నీరు మళ్లీ ఊరింది. 2022 డిసెంబరులో అది ప్రజలకు అందింది.

అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. ముందు ఇంజనీర్ల పరీక్ష జరగాలి. గాలి ఆడే ఏర్పాటు, బయటపడేందుకు మరొక దారి, ఒకేసారి దిగేవారి సంఖ్యకు హద్దు ఉండాలి. పాడుబడ్డ బావి అడుగున ప్రాణవాయువు కొరవడి, దిగినవారు క్షణాల్లో స్పృహ తప్పవచ్చు. పిల్లలను అందులోకి ఎన్నడూ దింపరాదు.

పెద్దలారా! మీరు నివసించే ఊరిలో అటువంటి బావి ఉంటే, అందులో చెత్త పడకుండా చూడండి. దానిని ఎరిగిన వృద్ధుల మాటలను మీ పిల్లల చేత తెలుగులో వ్రాయించండి. మట్టిని ఎప్పుడైనా తవ్వి తీయవచ్చును. పోయిన జ్ఞాపకాన్ని తవ్వి తీయలేము.