రాళ్ళు రువ్విన బాలుణ్ణి దైవప్రవక్త (సఅసం) అడిగిన మాట

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించవలసిందిగా ముందు మాకు మేము, పిదప మీకు హితవు చేస్తున్నాము.

నేటి జుమా ప్రసంగానికి విషయం దారితప్పిన పిల్లలు. ఒక బాలుడు దొంగతనం చేస్తూ దొరికాడని, కొట్లాటలో ఒకరిని గాయపరిచాడని తెలియగానే మొహల్లాలో జరిగేది మనకు తెలిసిందే. ముందుగా అతణ్ణి కొడతారు. తరువాత ఆ ఇంటి గడప తొక్కడం మానేస్తారు. ఎందుకిలా చేశావని అడగడం మాత్రం ఎవరికీ తోచదు.

హజ్రత్ రాఫె బిన్ అమ్ర్ గిఫారీ (రజి) బాల్యంలో అన్సారుల ఖర్జూరపు చెట్లపై రాళ్ళు రువ్వేవారు. ఆయనను పట్టుకొని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి తెచ్చారు. చెట్లను ఎందుకు కొడుతున్నావని మహాప్రవక్త (సఅసం) అడిగారు. తినడానికి అన్నాడు బాలుడు. రాళ్ళు వేయవద్దని, క్రింద రాలిన పండ్లు తినమని చెప్పి, అతని తల నిమిరి, ఇతని కడుపు నింపమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అబూదావూద్, తిర్మిజీ హదీసు సంకలనాలలో ఈ సంఘటన ఉంది.

గమనించండి! తప్పును తప్పని చెప్పారు. తోట యజమాని హక్కును కాపాడారు. అయితే ముందుగా కారణం విన్నారు, ఆకలికి ధర్మసమ్మతమైన మార్గం చూపారు, దుఆ చేసి పంపారు. హునైన్ నుండి తిరిగివచ్చే దారిలో అజాన్‌ను వెక్కిరించిన కుర్రవాళ్ళలో అబూ మహ్‌జూరా (రజి) ఒకరు. ఆయన మంచి గొంతును గుర్తించి, దైవప్రవక్త (సఅసం) స్వయంగా అజాన్ నేర్పి మక్కాలో ముఅజ్జిన్‌గా నియమించారు.

యుక్తవయసు వచ్చేవరకు బాలునిపై కలం ఎత్తివేయబడి ఉంటుందని హదీసు తెలుపుతోంది. అయినా అతని వల్ల ఒకరికి నష్టం కలిగితే పరిహారం చెల్లించవలసిందేనని ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయించారు. కనుక కరుణ అంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. నష్టపోయినవారి ఇంటికి వెళ్ళి, వారి హక్కు చెల్లించి, క్షమాపణ కోరడం కూడా మన బాధ్యతే.

సోదరులారా! మన దేశపు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా శిక్షించడం కన్నా సరిదిద్దడానికే ప్రాధాన్యమిస్తుంది. 18 ఏళ్ళు నిండని పిల్లలను లాకప్‌లో గాని జైలులో గాని ఉంచరాదు. పట్టుకున్న 24 గంటలలోగా, ప్రయాణ సమయం మినహాయించి, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వారిద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. బెయిలు ఇవ్వడమే నియమం. నిరాకరిస్తే కారణం వ్రాయాలి. సాధారణంగా విచారణ 4 నెలలలో ముగియాలి. 16 ఏళ్ళు దాటినవారు అతి ఘోరమైన నేరం చేస్తే, పెద్దలవలె విచారించాలా అన్నది బోర్డు పరిశీలిస్తుంది. అప్పుడు కూడా మరణశిక్ష విధించరాదు.

చట్టం ఇంత చెప్పినా, బిడ్డ కోసం వచ్చేవారు లేకపోతే దాని ఫలం అతనికి అందదు. బెయిలు మంజూరైనా, అవమానంతో తండ్రి వెళ్ళకపోతే పిల్లవాడు అబ్జర్వేషన్ హోమ్‌లోనే మిగిలిపోతాడు. స్కూలు రికార్డు, జనన ధ్రువపత్రం లేకపోతే వైద్య పరీక్షతో వయస్సు తేల్చవలసి వస్తుంది. పిల్లలకు ఈ రెండూ సమకూర్చడం, వారిని బడి మాన్పించకుండా ఉండడం ప్రతి తల్లిదండ్రుల విధి.

ఇక మన మస్జిదు కమిటీలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ బిడ్డనైనా పోలీసులు తీసుకువెళితే, తల్లిదండ్రులకు తోడుగా ఇద్దరు పెద్దలు బోర్డుకు వెళ్ళాలి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్ళాలి. అక్కడ ఉచితంగా న్యాయసహాయం లభిస్తుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉందని అందరికీ తెలియజేయాలి. బాలుని పేరు, ఫోటో, వీడియో వాట్సాప్‌లో పంపేవారిని ఆపాలి. అది చట్టరీత్యా నేరం. ఒక ముస్లిం పరువు తీయడం ధర్మరీత్యా పాపం.

తండ్రులారా! ఇషా నమాజు తరువాత మీ కుమారుడు ఎవరితో కూర్చుంటున్నాడో మీకు తెలుసా? అతని జేబులోకి డబ్బు ఎక్కడ నుండి వస్తోందో అడిగారా? లైసెన్సు లేని పిల్లవానికి బండి తాళాలు ఇస్తున్నారా? 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం, అతను చేసే నేరానికి సంరక్షకునికి లేదా వాహన యజమానికి 3 ఏళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. మిమ్మల్ని, మీ ఇంటివారిని నరకాగ్ని నుండి కాపాడుకోవాలన్న తహ్రీమ్ సూరాలోని దైవాజ్ఞకు జవాబు చెప్పుకోవలసినది మనమే.

హోమ్ నుండి తిరిగివచ్చిన బాలుడు నమాజుకు వస్తే, సఫ్‌లో అతని ప్రక్కన నిలబడడానికి వెనుకాడకండి. అతనికి పని నేర్పే ఉస్తాద్‌ను చూడండి, బడిలో తిరిగి చేర్పించండి. మస్జిదులో చోటు దొరకని కుర్రవాణ్ణి పిలిచి కూర్చోబెట్టుకునేవారు బయట చాలామంది ఉన్నారు.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని సన్మార్గంలో నడిపించు. దారితప్పినవారిని మా వద్దకు తిరిగి చేర్చు. వారిని ఆదరించే హృదయాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.